స్టార్ట్ నొక్కినా కదలని మిషన్: దిగువ కృష్ణా డెల్టాలో అసలు కారణాలు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు పోయింది. అంతకు ముందు ఆ బ్యారేజీ అంత నీటిని చూడలేదు. దివిసీమ లంకల్లోకీ వరద చేరింది. విజయవాడలో మునిగిన ఇళ్ళకు గ్రౌండ్ ఫ్లోర్ అయితే 25 వేలు, మొదటి అంతస్తు అయితే 10 వేల రూపాయల సాయం ప్రభుత్వం ప్రకటించింది. బురద కడిగాక మిగిలిన ప్రశ్నల్లో ఒకటి, మునిగిన వాషింగ్ మిషన్ మళ్ళీ తిరుగుతుందా లేదా అన్నది.

వరద వచ్చినప్పుడు మిషన్ ఎందుకు ఆగిందో ఎవరూ అడగరు. ఏ వరదా లేని మామూలు రోజున, నిన్నటిదాకా తిరిగిన మిషన్ ఇవాళ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది. బందరు (మచిలీపట్నం)లోనైనా, గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా అప్పుడు వినిపించే మాటలు నాలుగైదే. బోర్డు పోయింది. కెపాసిటర్ పోయింది. లో వోల్టేజి. ఎలుక కొట్టేసింది. కొత్తది కొనుక్కోండి. వీటిలో ప్రతిదీ ఏదో ఒక ఇంట్లో నిజమే. ఏ ఇంట్లో ఏది నిజమో తేల్చడానికే ఒక పద్ధతి కావాలి. కంపెనీ ఇచ్చే పుస్తకం ఈ ఊళ్ళ గాలినీ నీటినీ ఎరగదు. సర్వీసు మనిషి మిషన్ మూత విప్పుతాడు గానీ గోడలోని వైరింగు తన పని కాదంటాడు. ఎలక్ట్రీషియన్ ప్లగ్గు దాకా చూసి ఆగిపోతాడు. ఈ మూడూ కలిపి చూస్తే, ఈ ప్రాంతంలో తప్పును బయటి నుంచి లోపలికి వెతుక్కుంటూ రావాలని అర్థమవుతుంది. ముందు గోడ, తరువాత కొళాయి, ఆ తరువాత మూత, చివరికి బోర్డు. చాలా ఇళ్ళలో ఈ వరస తలకిందులవుతోంది, ఖర్చు అక్కడే పెరుగుతోంది.

ముందు కరెంటు. మిషన్‌లో ఒక్క లైటూ వెలగకపోతే అందరూ చేసే పని ప్లగ్గు పాయింటులో టెస్టర్ పెట్టడం. టెస్టర్ వెలిగితే కరెంటు ఉందని తేల్చేస్తారు. ఆ తీర్పు సగమే నిజం. టెస్టర్ ఫేజు ఉందని చెబుతుంది, న్యూట్రల్ సంగతి చెప్పదు. న్యూట్రల్ తెగిన ఇంట్లో ఏ ఫ్యానో, బల్బో ఆన్‌లో ఉంటే సాకెట్టు రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది, కానీ ఏదీ పనిచేయదు. వోల్టేజి 230 ఉందా, 150 ఉందా అన్నదీ టెస్టర్‌కు తెలియదు. రెండు మూడు వందల రూపాయల మల్టీమీటరుతో ఫేజు న్యూట్రల్ మధ్య, ఫేజు ఎర్త్ మధ్య కొలిస్తే ఈ అనుమానాలన్నీ నిమిషంలో తీరతాయి. మీటరు వాడటం తెలిసిన మనిషే కొలవాలి. అది లేకపోతే ఇస్త్రీ పెట్టెనో మిక్సీనో అదే సాకెట్టులో పెట్టి చూడటం తేలిక. సెల్‌ఫోన్ చార్జర్‌తో పరీక్షించడం వృథా, అది చాలా తక్కువ వోల్టేజికి కూడా పనిచేస్తుంది.

మన దగ్గర ఇళ్ళకు రావలసింది 230 వోల్టులు. నిబంధనల ప్రకారం అటూఇటూ ఆరు శాతం తేడా ఉండవచ్చు, అంటే దాదాపు 216 నుంచి 244 వరకు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్ళకు ఇది అందని రోజులుంటాయి. నందివాడ వైపు చేపల చెరువులు, కోడూరు, నాగాయలంక వైపు రొయ్యల చెరువులు ఉన్నాయి. నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున అన్నిటికంటే తగ్గుతుంది కాబట్టి ఏరేటర్లు రాత్రి నుంచి పొద్దు పొడిచేదాకా తిరుగుతాయి. ఇళ్ళకూ చెరువులకూ ఒకటే లైనైతే, పొద్దున్నే బట్టలు వేసే అలవాటున్న ఇంట్లో మిషన్ మొరాయించడానికి ఇదే కారణం కావచ్చు. ఎండెక్కాక మళ్ళీ వేసి చూస్తే తేడా తెలిసిపోతుంది.

సెమీ ఆటోమేటిక్ మిషన్లలో ఉండే మామూలు ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గానికి అనుగుణంగా పడిపోతుంది. 230 బదులు 180 వస్తే మోటారు బలం దాదాపు 60 శాతానికి దిగుతుంది. ఖాళీ టబ్బు తిరుగుతుంది, తడిసిన దుప్పట్లు వేస్తే మూలుగుతుంది. ఆ మూలుగు విని కెపాసిటర్ మార్చినవాళ్ళు, వారం తరువాత మళ్ళీ అదే మూలుగు వింటారు.

స్టెబిలైజర్ కావాలా వద్దా అన్నది దుకాణాల్లో ఎప్పుడూ తెగని వాదన. కొత్త ఇన్వర్టర్ మిషన్లకు అక్కర్లేదని అమ్మేవాళ్ళంటారు. ఎక్కువ తేడాను తట్టుకునే పవర్ సప్లై వాటిలో ఉంటుంది కాబట్టి లో వోల్టేజి వరకు ఆ మాట చాలావరకు నిలుస్తుంది. ఈ ప్రాంతంలో బోర్డులకు అసలు శత్రువు లో వోల్టేజి కాదు, హై వోల్టేజి. గాలివానకు లైనులో న్యూట్రల్ తెగితే మూడు ఫేజుల భారం సమంగా లేని చోట కొన్ని ఇళ్ళలోకి 300 వోల్టులకు పైగా వచ్చిపడుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినట్టు తుపాను వచ్చినప్పుడల్లా ఈ ప్రమాదం ఉంటుంది. అందుకే దివిసీమలో ఇల్లున్నవారు మామూలు స్టెబిలైజర్ కంటే, వోల్టేజి హద్దు దాటగానే సరఫరా తెంచేసి, కుదుటపడ్డాక కొంత ఆగి కలిపే కటాఫ్ పరికరం పెట్టుకోవడం మేలు. తుపాను హెచ్చరిక వినగానే ప్లగ్గు పీకేయడం అన్నిటికంటే మేలు, దానికి ఖర్చు కూడా లేదు.

ప్లగ్గు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నీళ్ళు వేడిచేసే ఫ్రంట్ లోడ్ మిషన్‌లో హీటరు ఒక్కటే 2000 వాట్ల దరిదాపు తీసుకుంటుంది. అంటే తొమ్మిది ఆంపియర్ల దాకా. దానికి 16 ఆంపియర్ల పాయింటు ఉండాలి. 6 ఆంపియర్ల సాకెట్టుకు అడాప్టర్ తగిలించి నడిపితే కొన్నాళ్ళకు లోపలి పట్టులు కాలి వదులవుతాయి. ప్లగ్గు నల్లబడి ఉందా, ముట్టుకుంటే వేడిగా ఉందా చూస్తే చాలు. ఎంసీబీ పడిపోతే ఎక్కువ కరెంటు లాగుతోందని అర్థం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పడిపోతే కరెంటు ఎక్కడో ఎర్త్‌కు కారుతోందని అర్థం. దాన్ని తీసేసి నేరుగా కలిపి మిషన్ తిప్పుకుందామనుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి వాడే పరికరం ఇది.

ఎర్త్ విషయంలో తీర ప్రాంతంలో ఒక మెలిక ఉంది. ఉప్పు నేలలో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి కొత్తగా వేసిన ఎర్త్ బాగా పనిచేస్తుంది. అదే ఉప్పు పాతిన జీఐ పైపును తొందరగా తినేస్తుంది. ఇల్లు కట్టినప్పుడు వేయించాం అన్న ధీమా ఇక్కడ చెల్లదు. మిషన్ అంచు తాకితే జిల్లుమంటోందంటే అది మిషన్ గుణం కాదు, ఎర్త్ పోయిందని ఇల్లే చెబుతున్న మాట.

ఇక నీరు. కరెంటు సరిగ్గా ఉండి, లైట్లు వెలిగి, స్టార్ట్ నొక్కితే చిన్న చప్పుడు వచ్చి మిషన్ ఊరుకుంటే చాలామంది మోటారును అనుమానిస్తారు. పూర్తి ఆటోమేటిక్ మిషన్ తొట్టిలోకి కావలసినంత నీరు చేరిందని లోపలి సెన్సర్ చెప్పేదాకా ఉతకడం మొదలుపెట్టదు. అది ఆగిపోలేదు, నీటి కోసం కాచుకుని ఉంది. ఎల్‌జీ మిషన్లు ఇలాంటప్పుడు ‘ఐఈ’ అని, శాంసంగ్ మిషన్లు ‘4సీ’ లేదా ‘4ఈ’ అని తెర మీద చూపిస్తాయి.

ఈ మిషన్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్ ఒత్తిడితో నీరు రావాలని తయారీదారుల పుస్తకాల్లో ఉంటుంది. ఒక మీటరు ఎత్తు నీరు సుమారు 0.1 బార్ ఇస్తుంది. అంటే మిషన్ కొళాయికి పైన మూడు నుంచి ఐదు మీటర్ల ఎత్తులో ట్యాంకు నీటిమట్టం ఉండాలి. ఒక అంతస్తు డాబా మీద, స్లాబుకే ఆనించి పెట్టిన ట్యాంకు లెక్క వేస్తే చాలా ఇళ్ళలో రెండు మీటర్లు, రెండున్నర మీటర్లు తేలుతుంది. ట్యాంకు నిండుగా ఉన్న పూట నడిచి, సగమైన పూట ఆగే మిషన్‌లో తప్పేమీ లేదు. ట్యాంకును దిమ్మెల మీదికి ఎత్తించడమో, చిన్న ప్రెషర్ పంపు పెట్టించడమో దీనికి మందు. బోర్డు మార్పించినా, మోటారు మార్పించినా ఫలితం ఉండదు.

డెల్టాలో నీటికి ఋతువులున్నాయి. వేసవిలో కాలువలు కట్టేశాక ఊళ్ళన్నీ ముందే నింపి పెట్టుకున్న మంచినీటి చెరువుల మీద బతుకుతాయి. మచిలీపట్నానికి తరకటూరు చెరువే ఆధారం. కాలువ నీటిలో ఒండ్రు, చెరువు నీటిలో నాచు ఉంటాయి. మిషన్ వెనక గొట్టం బిగించే చోట వేలెడంత జాలీ ఒకటి ఉంటుంది. అది పూడుకుపోతే ట్యాంకు ఎంత ఎత్తున ఉన్నా నీరు సన్నగా జారుతుంది. కొళాయి కట్టి, గొట్టం విప్పి, ఆ జాలీని పట్టకారుతో మెల్లగా లాగి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పని అయిపోతుంది. రెండు నెలలకోసారి ఈ పని చేసే ఇంటికి సర్వీసు పిలుపులు తగ్గుతాయి.

కాలువలు లేని రోజుల్లో బోరు నీటికి మళ్ళడం ఇంకో కథ. తీరం వైపు పోయేకొద్దీ భూగర్భ జలం ఉప్పు. తాగే నీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల కరిగిన లవణాలు, వేరే దారి లేనప్పుడు 2000 వరకు. తీరపు బోరు నీరు ఆ రెండో హద్దును కూడా దాటిపోగలదు. అలాంటి నీటితో ఉతికితే సబ్బు నురగ రాదు, వాల్వులో గార పడుతుంది, హీటరు మీద పొర కడుతుంది. చివరికి వాల్వు తెరుచుకోని రోజు వస్తుంది. పెడన కలంకారీ పనివాళ్ళు అద్దకం గుడ్డను పారే కాలువ నీటిలోనే జాడిస్తారు. గుడ్డకు ఎలాంటి నీరు పడుతుందో ఈ సీమకు తరతరాలుగా తెలుసు. ఇంటి మిషన్‌కు కూడా ఆ శ్రద్ధ చూపించాలి. వేసవిలో మంచినీరు రెండు బకెట్లే దొరికితే, చేత్తో పోసుకునే సెమీ ఆటోమేటిక్ మిషనే ఆ ఇంటికి తగినది.

గుడివాడకూ బందరుకూ మధ్య తేడా చూపేది ఉప్పుగాలి. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను పీల్చుకుని కరిగిపోతుంది. మంగినపూడి, గిలకలదిండి వైపు ఉదయాలు ఆ హద్దు దాటడం మామూలే. గాలిలో కొట్టుకొచ్చిన ఉప్పు మిషన్ లోపలి కనెక్టర్ల మీద, కెపాసిటర్ కొనల మీద, మూత స్విచ్చి రేకుల మీద కూర్చుని రోజూ కాస్త కరిగి, కాస్త ఆరి, రాగిని ఆకుపచ్చ చిలుముగా మారుస్తుంది. పూత చెదిరిన చోట కవరింగు నగ లోపలి రాగి రంగు మారడం చిలకలపూడి కంసాలులకు కొత్త కాదు, ఇక్కడ జరిగేదీ అదే. పొద్దున్న మొదలుకాని మిషన్ మధ్యాహ్నం దానంతటదే మొదలైతే లో వోల్టేజి తరువాత అనుమానించవలసింది ఈ తేమనే. కనెక్టర్లను ఊడదీసి, కాంటాక్టు క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి మళ్ళీ బిగించడం అరగంట పని. ఆ పని చెయ్యకుండానే బోర్డు మార్చమని చెప్పే మెకానిక్‌ను ఒక్క మాట అడగవచ్చు: కనెక్టర్లు విప్పి చూశారా? మిషన్‌ను సముద్రం వైపు తెరిచి ఉన్న వరండాలో కాక లోపలి గోడకు పెట్టుకోవడం, వాడనప్పుడు గుడ్డ కవరు కప్పడం చిన్న జాగ్రత్తలే గానీ తీరంలో బాగా పనికొస్తాయి. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు మాత్రం లోపలి తేమను బంధిస్తుంది.

ఎలుకల గురించి వేరే చెప్పాలా? వరి కోతలయ్యాక పొలాల్లో మేత పోయిన ఎలుకలు ఇళ్ళ వైపు వస్తాయి. మిషన్ అడుగు తెరిచి ఉంటే వెచ్చగా, చీకటిగా ఉండే చోటు వాటికి దొరికినట్టే. కొరికేది మోటారు తీగలను, డ్రెయిన్ గొట్టాన్ని. కాస్త వంచి టార్చి వేసి చూస్తే తెగిన తీగ, ఎలుక పెంటికలు కనిపిస్తాయి. ప్లగ్గు తీశాకే ఆ పని. తీగ అతికించడం తేలిక. అడుగున గట్టి ఇనుప జాలీ బిగించకపోతే అదే తీగ మళ్ళీ తెగుతుంది. నాఫ్తలీన్ ఉండలు పెట్టడం చాలామంది చేస్తారు, దాన్ని నమ్ముకుని జాలీ మానేయకూడదు.

కొన్ని సార్లు తప్పేమీ ఉండదు. పిల్లలు నొక్కిన చైల్డ్ లాక్ వల్ల బటన్లు పలకవు. ఎల్‌జీలో ‘సీఎల్’ అని కనిపిస్తుంది, ఆ బటన్‌నే మూడు సెకన్ల పాటు నొక్కి పట్టుకుంటే పోతుంది. ఆలస్యంగా మొదలయ్యే సెట్టింగు పడి ఉండవచ్చు. ఫ్రంట్ లోడ్ తలుపు గట్టిగా పడకపోతే తాళం పడదు, ఎల్‌జీలో ‘డీఈ’ కనిపిస్తుంది. ఆ తాళంలో వేడికి వంగే లోహపు పట్టీ ఉంటుంది, అందుకే మొదలయ్యే ముందు కొన్ని సెకన్లు, కరెంటు పోయాక తెరుచుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. తొందరపడి తలుపు లాగి పిడి విరగ్గొట్టుకోవద్దు. ప్లగ్గు తీసి పది నిమిషాలాగి మళ్ళీ పెట్టడం కూడా చేయదగిన పనే.

సెమీ ఆటోమేటిక్‌లో మూలుగుతూ తిరగనిది కెపాసిటర్ కావచ్చు. ఉతికే మోటారుకు సాధారణంగా పది మైక్రోఫారడ్ల దరిదాపుది ఉంటుంది. మిషన్ మీద రాసిన విలువే వేయాలి, దొరికింది వేయకూడదు. కెపాసిటర్ కరెంటు తీశాక కూడా చార్జి పట్టి ఉంచుకుంటుంది కాబట్టి ఇది ఇంటివాళ్ళు చెయ్యి పెట్టే పని కాదు. అంతకుముందు ఇంటివాళ్ళు చూడగలిగేది ఒకటుంది. ప్లగ్గు తీసి, అడుగున తిరిగే చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. బిగుసుకుని ఉంటే దాని కింద రూపాయి బిళ్ళో, పిన్నీసో, గుండీయో ఇరుక్కుని ఉంటుంది. స్పిన్ తిరగకపోతే మూత పూర్తిగా పడిందా, టబ్బుకీ గోడకీ మధ్య చిన్న గుడ్డేమైనా జారిందా చూడాలి.

ఇవన్నీ దాటాక వచ్చేది బోర్డు. ఈ వ్యవహారంలో వినియోగదారుడు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. హై వోల్టేజి వచ్చినప్పుడు తాను కాలిపోయి మిగతాదాన్ని కాపాడటానికే బోర్డు మొదట్లో వేరిస్టర్, ఫ్యూజు పెడతారు. అవి రెండే పోతే వాటిని మార్చడానికయ్యే ఖర్చు కొత్త బోర్డు ధరలో ఏ మూలకూ రాదు. కంపెనీ మనుషులు భాగాన్ని బాగుచెయ్యరు, మొత్తం బోర్డునే మారుస్తారు. బోర్డు బాగుచేసే చెయ్యి ఊళ్ళో ఉండాలి. గుడ్లవల్లేరు పాలిటెక్నిక్‌లోనూ జిల్లా ఐటీఐల్లోనూ చదివే కుర్రాళ్ళకు ఈ పనిలో జీవనోపాధి ఉంది, వాళ్ళకు ఆ దారి చూపించాలి. వారంటీ ఇంకా ఉంటే మాత్రం బయటివాళ్ళతో మూత విప్పించకూడదు.

దూరం కూడా ఒక కారణమే. విజయవాడ నుంచి బందరు దాదాపు 70 కిలోమీటర్లు. ఏటిమొగ దగ్గర రేవు దాటితే గానీ ఎదురుమొండి చేరలేం. మెకానిక్ ఒకసారి చూడటానికి, మరోసారి విడిభాగం తేవడానికి వస్తే రెండు ప్రయాణాలు. అందుకని పిలిచే ముందే మిషన్ వెనక మోడల్ నంబరు రాసిన చీటీ, తెర మీద కనిపించే అక్షరాలు, వచ్చే చప్పుడు ఫోన్‌లో తీసి పంపాలి. నీరు వస్తోందా, వోల్టేజి ఎంత అన్న రెండు సంగతులూ చెబితే సగం ప్రయాణాలు తప్పుతాయి.

మునిగిన మిషన్‌ది వేరే దారి. ఎండినట్టు కనిపించినా ప్లగ్గు పెట్టకూడదు. ఏటి వరదైతే ఒండ్రు మిగులుతుంది, సముద్రపు ఉప్పెనైతే ఉప్పు మిగులుతుంది. ఉప్పు ఎండితే పోదు, తడి తగిలినప్పుడల్లా మళ్ళీ కరెంటుకు దారి ఇస్తుంది. కాబట్టి ముందు మంచినీటితో కడిగించి, విప్పి కొన్ని రోజులు ఆరబెట్టి, మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూశాకే కరెంటు ఇవ్వాలి. అది చెయ్యగలిగిన మనిషి దొరక్కపోతే మిషన్ మీద ఆశ వదులుకోవడం మంచిది.

కొనేటప్పుడే చదవవలసినది వారంటీ కాగితం. మోటారుకు పదేళ్ళు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మొత్తం మిషన్‌కు చాలా కంపెనీలు ఇచ్చేది రెండేళ్ళే. ఈ ప్రాంతంలో ముందు పోయేవి బోర్డు, వాల్వు, తాళం. అవి ఆ రెండేళ్ళ లెక్కలోకే వస్తాయి. ఎలుక కొరికిన తీగలు, వరద, వోల్టేజి హెచ్చుతగ్గులు మామూలుగా మినహాయింపుల్లో ఉంటాయి. డబ్బు మిగిల్చుకోవాలంటే పొడిగించిన వారంటీకి కట్టేది ముందు ఎర్త్ పైపుకీ, 16 ఆంపియర్ల పాయింటుకీ, అడుగు జాలీకీ పెట్టాలి.

వోల్టేజి రోజూ పడిపోతుంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి, వీధిలో నలుగురూ చేస్తే మరీ మంచిది. వారంటీలో ఉన్న మిషన్‌కు సేవ అందకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మరమ్మతు హక్కు కోసం కేంద్రం 2022 డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా ప్రారంభించింది. అక్కడా తేలకపోతే మచిలీపట్నంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం వినియోగదారుడు తానున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు, వివాదం పుట్టిన రెండేళ్ళలోపు వేయాలి. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు.